కరెంటు మీటరు మీద రీసెర్చ్ చేద్దామనుకుంటున్నారా? ముందు ఇంట్లో బిల్లు తీయండి

ఈఈఈ వాడొకడు, సీఎస్ఈ వాడొకడు, లా చదువుతున్న స్నేహితురాలు, సోషియాలజీ పీజీ చేస్తున్న ఇంకో అమ్మాయి. నలుగురూ మద్దిలపాలెంలో టీ తాగుతూ "ఎనర్జీ మీద ఏదైనా చేద్దాం" అనుకుంటారు. మా గ్రూపు సరిగ్గా ఇలాగే మొదలైంది, ఆర్నెల్లు నాశనం చేసుకున్నాకగానీ దారిలో పడలేదు. మీరు కూడా ఈమధ్య అలాంటి టీ ఒకటి తాగి ఉంటే ఇది చదవండి. విశాఖలో ఒక సుఖం ఉంది: ఆంధ్రా యూనివర్సిటీ, సబ్బవరం దగ్గర దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ, పెట్రోలియం, ఎనర్జీలకే పెట్టిన ఐఐపీఈ, ఇవి కాక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు, అన్నీ ఒక్క ఊరి చుట్టూనే ఉన్నాయి. మనుషులు దొరకడం కష్టం కాదు, నలుగురికీ సరిపడే ఒక్క ప్రశ్న దొరకడమే కష్టం.

అందుకే ముందు లైబ్రరీకి వెళ్లకండి. ఇంట్లో కరెంటు బిల్లు తీసి మధ్యలో పెట్టి, ఒక్కో లైనుకూ ఎవరు జవాబు చెప్పగలరో చూడండి. యూనిట్లు ఎలా కొలిచారో ఈఈఈ వాడు చెప్పాలి. ఆ అంకె మీటరు నుంచి సర్వర్‌కి ఎలా చేరిందో, ఎవరెవరు చూడగలరో సీఎస్ఈ వాడు చెప్పాలి. స్లాబులు, ఫిక్స్‌డ్ చార్జీలు, ట్రూ అప్ (పాత ఖర్చుల సర్దుబాటు) అంటూ కలిపేవి ఏ అధికారంతో కలిపారో లా అమ్మాయి చెప్పాలి. కింద మొత్తం చూడగానే మీ అమ్మగారు ఎవర్ని తిడుతున్నారో, ఎందుకు ఆ మనిషినే తిడుతున్నారో, అది నాలుగో శాస్త్రం. నాలుగు డిపార్టుమెంట్లూ ఒక్క కాగితం మీద ఉన్నాయి.

ఇప్పుడు ప్రశ్న. "విశాఖపట్నంలో పునరుత్పాదక ఇంధనం పట్ల ప్రజల వైఖరి: ఒక బహుళశాస్త్ర అధ్యయనం" లాంటి టైటిల్ పెట్టారంటే మీరు రాయబోయేది ఒక పేపరు కాదు, స్టేపుల్ కొట్టిన నాలుగు పేపర్లు. నేను పాటించే పరీక్ష ఒకటుంది: ఒకరి జవాబు మారితే పక్కవాళ్ల జవాబు కూడా మారాలి. స్మార్ట్ మీటరు నెలకొక్క అంకె పంపితే గోప్యత గురించి లా అమ్మాయికి పెద్దగా పనుండదు. అదే అరగంటకోసారి పంపితే చాలా పనుంటుంది. ఆ సంగతి ఇంటివాళ్లకి చెప్తే వాళ్ల అభిప్రాయం అటో ఇటో కదలొచ్చు. ఇలా ఒకటి కదిలితే మూడు కదిలేదే మంచి ప్రశ్న.

అరగంట రీడింగులో నిజంగా ఏం కనిపిస్తుంది? దీనికి ఏ కంపెనీ డేటా అడుక్కోనక్కర్లేదు. మీ మీటరు ముందు నిలబడండి. ఎర్ర లైటు ఒకటి మినుకుమినుకుమంటూ ఉంటుంది, పక్కన 3200 ఇంపల్స్ పర్ కిలోవాట్ అవర్ అనో మరొకటో రాసి ఉంటుంది. అంటే ఆ లైటు 3200 సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి 150 వాట్ల ఫ్రిజ్ ఒక్కటే నడిపితే ఏడున్నర సెకన్లకోసారి వెలుగుతుంది. దానికి తోడు 2000 వాట్ల గీజరు వేయండి, సెకనుకి దాదాపు రెండుసార్లు, ఇక లెక్కపెట్టలేరు. లైట్ సెన్సర్ ఒకటి ఆ ఎల్ఈడీ ముందు టేపుతో అతికించి ఈఎస్పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపితే సెకను సెకనుకీ మీ ఇంటి వాడకం ఫైల్లోకి వచ్చేస్తుంది. బయట అతికించడం వరకే, సీలు జోలికి మాత్రం వెళ్లకండి. మీటరుతో ఆటలాడితే 2003 విద్యుత్ చట్టంలో 135, 138 సెక్షన్లు ఉన్నాయి, "రీసెర్చ్ కోసమండీ" అంటే ఊరుకోరు.

వారం డేటా వచ్చాక అదే ఫైలుని అరగంటల సగటుగా మార్చి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి. మా పనంతటిలో నాకు నచ్చిన ఘట్టం ఇదే. సెకన్ల గ్రాఫులో ఫ్రిజ్ ఎప్పుడు ఆగిందో, మిక్సీ ఎప్పుడు తిరిగిందో కనిపిస్తుంది. కరెంటు వాడకాన్ని దూరం నుంచి చూసి ఏ పరికరం నడుస్తుందో చెప్పడం కొత్త విద్యేమీ కాదు, జార్జ్ హార్ట్ దీనిమీద రాసిన ప్రసిద్ధ పేపరు 1992 నాటిది. అరగంట గ్రాఫులో ఫ్రిజ్, మిక్సీ మాయమవుతాయి. కానీ పొద్దున్న గీజరు, రాత్రి ఏసీ, రెండు రోజులు ఊరెళ్లి ఇంటికి తాళం పడిన సంగతి, ఇవి చెక్కుచెదరవు. "స్మార్ట్ మీటరు అన్నీ చూసేస్తుంది" అనేవాళ్లదీ తప్పే, "ఏమీ తెలియదు" అనేవాళ్లదీ తప్పే. మీ పేపరులో సగం బలం ఆ రెండు గ్రాఫులే.

లా భాగంలో అందరూ చేసే తప్పు అమెరికా తీర్పుతో మొదలుపెట్టడం. మొదట మన మెట్లు ఎక్కండి: విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం, కాబట్టి పార్లమెంటు చట్టం ఉంది (2003), దాని కింద కేంద్రం రూల్స్ ఉన్నాయి (2020 వినియోగదారుల హక్కుల రూల్స్), రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ కమిషన్ అయిన ఏపీఈఆర్‌సీ రెగ్యులేషన్లు, ఏటా టారిఫ్ ఆర్డరు ఉంటాయి, అన్నిటికంటే కింద డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) సర్క్యులర్లు, మన జిల్లాలకైతే ఏపీఈపీడీసీఎల్‌వి. ఈ మెట్లు కలిపేస్తే తప్పులు తప్పవు. ఉదాహరణకి 2023 సవరణ రూల్స్ పగటిపూట సోలార్ గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలంటాయి, పీక్ గంటల్లో ఇళ్లకి కనీసం పది శాతం ఎక్కువంటాయి, ఇళ్లకి గడువు 2025 ఏప్రిల్ 1 అంటాయి. రూల్లో ఉంది కదా అని మన ఇళ్ల బిల్లులో ఉన్నట్టు రాసేయకండి, ఆ ఏడాది టారిఫ్ ఆర్డరు తెరిచి మీ కేటగిరీ చూశాకే రాయండి.

గోప్యతకి వస్తే, అది ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పు, 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం. ఆ చట్టంలో పరిశోధనకి మినహాయింపు ఉంది గానీ షరతులున్నాయి, ఒక్కో మనిషి మీద నిర్ణయం తీసుకోవడానికి ఆ డేటా వాడకూడదనేది అందులో ఒకటి. ఇవయ్యాక బయటికి చూడండి: నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటర్లు తప్పనిసరి చేసే బిల్లు 2009లో ఎగువసభలో గోప్యత గొడవతోనే ఆగిపోయింది. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊరి కేసులో 2018లో అప్పీలు కోర్టు పావుగంట రీడింగులు తీసుకోవడం కూడా ఇంట్లో సోదా కిందికే వస్తుందంది, కాకపోతే అది సమంజసమైన సోదాయేనని ఊరివైపే తీర్పిచ్చింది. చాలామంది మొదటి సగం మాత్రమే ఉదహరిస్తారు, మీరు రెండో సగం కూడా రాయండి. కోర్టు కూడా పావుగంటా, నెలా అన్న తేడా దగ్గరే ఆగిందని గమనిస్తే మీ గ్రాఫులకీ ఈ తీర్పుకీ లంకె దొరుకుతుంది.

ఇక జనం. మేం ఎక్కువ తన్నులు తిన్నది ఇక్కడే.

మొదటిసారి ఇంగ్లిషు ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి దించుకుని గాజువాక వెళ్లాం. "స్మార్ట్ మీటర్ల పట్ల మీ దృక్పథం సానుకూలమా, తటస్థమా?" చదివినవాడికే నవ్వొచ్చింది. ఒక పెద్దావిడ మా మెడలో ఐడీ కార్డులు చూసి "ఏటి బాబూ, మళ్లీ బిల్లు పెంచడానికా?" అంది. కరెంటు ఆఫీసు మనుషులమనుకుని, మాతో గొడవెందుకని, చాలామంది అన్నిటికీ "బాగుందండి" అనేశారు. ఆ ఫారాలన్నీ అటక మీదున్నాయి. కాబట్టి మొదటి వాక్యంలోనే "మేం కాలేజీ పిల్లలం, కరెంటాఫీసు కాదు, బిల్లు పెరగదు, తగ్గదు" అని చెప్పండి. ఫైలు, ప్యాడు, టక్ చేసిన చొక్కా వద్దు. ఒకే విషయాన్ని అటూ ఇటూ తిప్పి రెండుసార్లు అడగండి, రెండిటికీ "అవునండి" వస్తే అది అభిప్రాయం కాదు, మర్యాద.

ఐదు గడుల స్కేలు కూడా మాకు పనిచేయలేదు. దాని బదులు పది చింతపిక్కలు చేతిలో పోసి "కరెంటు పోవడం, బిల్లు పెరగడం, మీటరు తప్పు తిరగడం, మీ ఇంటి సంగతి బయటివాళ్లకి తెలియడం, వీటిలో దేనికెంత భయమో పంచి పెట్టండమ్మా" అన్నాం. పంచుతూ మాట్లాడతారు, ఒక పిక్క తీసి పక్కకి జరిపి "లేదులే, హుద్‌హుద్ అప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో" అంటారు. 2014 అక్టోబరు 12 తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేని ఊరు ఇది, ఇక్కడ "నమ్మకమైన కరెంటు" అన్న మాటకి ఇంకో ఊళ్లో లేని బరువుంటుంది. పిక్కలు లెక్కపెట్టి రాసుకోండి, అన్న మాట కూడా అన్నట్టే రాసుకోండి.

ఎవర్ని అడిగారన్నది కూడా ముఖ్యమే. క్లాస్‌మేట్లకి గూగుల్ ఫారం పంపి "విశాఖ ప్రజలు" అని రాయకండి. 95 శాతం నమ్మకంతో ఐదు శాతం అటూ ఇటూగా చెప్పాలంటే 384 మంది కావాలి, పది శాతం చాలనుకుంటే 96. అదీ ఎంపిక యాదృచ్ఛికంగా జరిగితేనే, లేకపోతే వెయ్యి మందిని అడిగినా ఫలితం మీ వాట్సాప్ గ్రూపు అభిప్రాయమే. ఎంవీపీ కాలనీ అపార్టుమెంట్లు, కంచరపాలెం పోర్షన్లు, జాలారిపేట, పరవాడ వైపు ఊళ్లు, వీటి మధ్య తేడా చాలా ఉంటుంది. పరవాడలో సింహాద్రి థర్మల్ స్టేషన్ 2000 మెగావాట్లది, దాని రిజర్వాయరు మీదే 25 మెగావాట్ల తేలే సోలార్ కూడా ఉంది. అక్కడ "సోలారా, బొగ్గా?" అని అడిగితే జవాబు బూడిద గురించి, ఉద్యోగాల గురించి వస్తుంది, టెక్నాలజీ గురించి కాదు.

వద్దనేవాళ్లని అమాయకులుగా రాయడం మరీ పాతబడిన అలవాటు. మన పక్కనే శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దని జనం ఎదురు నిలిచారు, 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ఆ వెంటనే ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. కాగితాల్లో పనికిరాని నేలగా కనిపించిన ఆ బీల (చిత్తడి) భూములు అక్కడివాళ్లకి చేపలు, నీళ్లు, పంట. భూమి గురించి ఇంజినీరింగ్ రిపోర్టు కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. "అవగాహన లోపం" అని రాసే ముందు అది ఎవరి అవగాహనో ఒకసారి ఆలోచించుకోండి.

మా ప్రశ్న తలకిందులైంది కూడా ఒక ఇంటి గుమ్మంలోనే. గాజువాకలో పై పోర్షన్‌లో అద్దెకుంటున్న ఒకావిడ మా గ్రాఫు చూసి, గీజరు గీత మీద వేలు పెట్టి, "మీటరు ఓనరుగారి పేరు మీదుంది కదమ్మా, మరి నేనెప్పుడు స్నానం చేశానో ఆయన ఫోన్లో కనపడతాదా?" అని అడిగింది. నలుగురం మొహాలు చూసుకున్నాం. బిల్లు మీద పేరు ఓనరుది, డేటాలో ఉన్న బతుకు ఆవిడది. మరి అనుమతి ఎవరివ్వాలి? విద్యుత్ చట్టంలో వినియోగదారు, డేటా చట్టంలో డేటా ప్రిన్సిపల్ (డేటా ఎవరి గురించో ఆ మనిషి), మా సర్వేలో రెస్పాండెంట్, యాప్‌లో యూజరు, ఈ నాలుగు మాటలూ ఒకే మనిషి గురించి కావని అప్పుడు తెలిసింది. అందుకే మొదటి నెలలోనే ఒక పేజీ పదాల పట్టిక రాసుకోండి. "లోడ్" అంటే ఈఈఈ వాడికి ఒకటి, సీఎస్ఈ వాడికి ఇంకొకటి, మేం మూడు వారాలు ఆ ఒక్క మాట మీదే కొట్టుకున్నాం.

డేటా జాగ్రత్త. మాలో ఒకడు (నేనే) సర్వీసు నంబర్లు, పేర్లు, చింతపిక్కల లెక్కలు ఒకే ఎక్సెల్లో పెట్టి ఆ ఫైలుని గ్రూపులో పడేశాను. గోప్యత మీద రీసెర్చ్ చేస్తూ చేసిన ఘనకార్యం అది. ఇంటికో కోడ్ ఇవ్వండి, కోడ్‌కీ పేరుకీ ఉన్న జాబితా ఒక్కరి దగ్గరే, వేరే చోట ఉండాలి. సర్వీసు నంబరు అసలు అడగకండి, నెల యూనిట్లు చాలు. కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి వీధిలో దిగకముందే తీసుకోండి, అనుమతి పత్రం తెలుగులో చదివి వినిపించండి.

ఆఫీసుల నుంచి కాగితాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం, 10 రూపాయలు, 30 రోజులు. "ఎందుకు ఇలా చేశారు?" అని అడిగితే ఏమీ రాదు, "ఫలానా ఆర్డరు నకలు ఇవ్వండి" అని అడగాలి. ఒక ఆఫీసులో మా దరఖాస్తు మూడు టేబుళ్లు తిరిగి మొదటి టేబుల్‌కే వచ్చింది, అప్పీలు వేస్తే కదిలింది. టారిఫ్ ఆర్డర్లు, డిస్కంలు వేసే ఆదాయ అవసరాల పిటిషన్లు మాత్రం ఏపీఈఆర్‌సీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, వాటికి ఆర్టీఐ వేసి టైమ్ పోగొట్టుకోకండి.

కొత్త టారిఫ్ రాకముందు కమిషన్ బహిరంగ విచారణ పెడుతుంది, అభ్యంతరాలు ఎవరైనా రాసి ఇవ్వొచ్చు. జర్నల్‌కి పంపే ముందో తర్వాతో, మీ రెండు గ్రాఫులూ, అద్దెకున్నావిడ ప్రశ్నా కలిపి రెండు పేజీలు తెలుగులో రాసి అక్కడ ఇవ్వండి. గడువు తేదీ పేపర్లో చిన్న ప్రకటనగా వస్తుంది, డిసెంబరు నుంచే చూస్తూ ఉండండి.