కొర్యో రాజు ఊ ఎవరి కొడుకు? ఆధారాలు తూచే పద్ధతి

కొర్యో అంటే కొరియాను ఏలిన పాత రాజ్యం. దాని రాజు ఊ అంతకు ముందటి రాజు కోంగ్మిన్ కొడుకా, సిన్ దోన్ అనే సన్యాసి కొడుకా అన్నదే వివాదం. ముందుగా, ఆ రాజ్యపు చరిత్ర గ్రంథంలో ఊను ఏ చోట పెట్టారో చూడండి. 1451లో పూర్తయిన ‘కొర్యోసా’కు 139 సంపుటాలు. అందులో రాజుల చరిత్రకు కేటాయించిన 46 సంపుటాల్లో ఎంత వెతికినా ఊ (1374–1388), ఆయన కొడుకు చాంగ్ (1388–1389) దొరకరు. 132వ సంపుటంలో, ద్రోహుల వరసలో, బౌద్ధ సన్యాసి సిన్ దోన్ ఉంటాడు. ఆ వెనకే 133 నుంచి 137 దాకా వీళ్లిద్దరు. ఇంటిపేరు కూడా రాజవంశానిదైన ‘వాంగ్’ కాదు, ‘సిన్’. అందుకే ఆన్‌లైన్ ప్రతిలో ‘సిన్ ఊ’ అని వెతకాలి.

ఈ అమరికే ఒక తీర్పు. ఆ తీర్పు ఇచ్చింది 1392లో కొర్యోను కూల్చిన యీ సోంగ్గ్యే వంశపు ఆస్థానం. ఊ అసలు వారసుడే అయితే, 1389లో ‘దొంగను దించి నిజమైనవాణ్ణి నిలిపాం’ అన్న వాళ్ల మాట నిలవదు.

ఇప్పుడు కాగితం మీద రెండు వరసలు గీయండి: ఒకదాంట్లో ఏం జరిగింది, రెండోదాంట్లో ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారు. 1365లో ఊ పుట్టాడు. 1371లో సిన్ దోన్‌ను శిక్షించినప్పుడు, అతని ఇంటి దాసికి తన వల్ల కొడుకు పుట్టాడని కోంగ్మిన్ రాజే చెప్పి పిల్లవాణ్ణి అంతఃపురానికి రప్పించాడు. ఈ మాట ఉన్నది ఊను కాదన్న గ్రంథంలోనే. రాసినవాళ్ల వాదానికి ఎదురు తిరిగే వాక్యం వాళ్ల చేతుల్లోనే మిగిలిందంటే దానికి బరువు ఎక్కువ. పట్టాభిషేకం నాటికి వయసు పది అని ఉంటుంది. అది పుట్టిన ఏడాదినే ఒకటిగా లెక్కపెట్టే కొరియా పద్ధతి.

చాలామంది తడబడేది తల్లి దగ్గర. చనిపోయిన అంతఃపుర స్త్రీ హాన్ అతని తల్లి అని కోంగ్మిన్ ప్రకటించాడు. 1376లో ఆ దాసి పాన్యా రాత్రివేళ రాజమాత మందిరానికి వచ్చి, కన్నతల్లిని నేనేనని ఏడ్చింది. ఆమెను ఖైదు చేశారు. కొత్తగా కట్టిన ద్వారం వైపు చూపించి, నా గోడు దైవానికి తెలిస్తే ఇది కూలాలి అందట. ద్వారం కూలిందని గ్రంథం చెబుతుంది. చివరికి ఆమెను ఇమ్జిన్ నదిలో పడేశారు. ఈ ఘట్టం తేల్చేది తల్లి ఎవరన్నదాన్నే. తండ్రి సిన్ దోన్ అని దీన్నుంచి లాగకూడదు.

ఎదుటి సాక్ష్యం కోసం వోన్ చోన్సోక్ కవితలు చూడండి. ఆ కాలంలోనే బతికిన ఆ కవి ఊ, చాంగ్ ఇద్దరినీ రాజరక్తంగానే ఎంచాడు.

మీ వ్యాసంలో ‘ఊ రాజు’ అనే రాయండి. ‘సిన్ ఊ’ అని రాయాల్సి వస్తే, అది 1389లో ఆయన్ని కాదన్నవాళ్లు అంటగట్టిన ఇంటిపేరని ఆ వాక్యంలోనే చెప్పండి.