హాయిస్ట్ లేవకపోతే మోటర్ మీదికి పోకండి

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో హాయిస్టులు, అంటే బరువులు ఎత్తే కరెంటు యంత్రాలు, రిపేరు చేయడం నా పని. ఫోన్ ఎత్తగానే "అన్నా, మోటర్ కాలినట్టుంది, రా" అంటారు. వెళ్లి చూస్తే చాలాసార్లు మోటర్ బాగానే ఉంటుంది. కరెంటు వచ్చే దారి పట్టుకుని వెతకాలి: మెయిన్, డీఎస్ఎల్ (హాయిస్ట్ కదిలే దారి పొడుగునా కరెంటు ఇచ్చే పట్టీలు), పెండెంట్ (చేత్తో నొక్కే బటన్ల డబ్బా), కాంటాక్టర్ (బటన్ నొక్కితే మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్), బ్రేక్. మోటర్ వంతు చివర్లోనే.

లోడు వేలాడుతుంటే కింద ఎవరినీ నిలబడనివ్వకండి. వోల్టేజి చూడటం తప్ప ఏ పనికైనా మెయిన్ ఆపి, తాళం వేసి, చెవి జేబులో పెట్టుకోండి. ప్యానెల్ తెరిచేది ఎలక్ట్రీషియనే కావాలి.

బటన్ నొక్కినా చప్పుడే లేదంటే ముందు ఎమర్జెన్సీ బటన్, కంట్రోల్ ఫ్యూజు చూడండి. రెండూ బాగుంటే అనుమానం పెండెంట్ మీదే. దాని బరువు పక్కనున్న స్టీలు తీగ మొయ్యాలి. ఆ తీగ తెగితే బరువంతా కేబుల్ మీద పడి, గ్లాండ్ (కేబుల్ డబ్బాలోకి దూరే చోట బిగింపు) దగ్గర లోపలి వైర్లు తెగుతాయి. తొలకరి వానలకు పెండెంట్‌లో నీళ్లు దిగడం కూడా మామూలే.

గుయ్‌మంటూ లేవకపోతే వెంటనే బటన్ వదిలేయండి. పట్టుకుని నొక్కుతూ ఉంటేనే మంచి మోటర్ కాలేది. మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదో, బ్రేక్ విడవడం లేదో తేల్చాలి. ఫేజ్ పోతే డీఎస్ఎల్ కలెక్టర్ (పట్టీ మీద జారుతూ కరెంటు తీసుకునే ముక్క) అరిగిందా, కాంటాక్టర్ పాయింట్లు కాలాయా చూడండి. ఖాళీగా లేచి లోడుతో లేవకపోతే వోల్టేజి ప్యానెల్ దగ్గర కాదు, హాయిస్ట్ టర్మినల్స్ దగ్గర, లోడు ఎత్తుతుండగా కొలవాలి. 415 వోల్టులకు 10 శాతం తగ్గితే మోటర్ లాగే బలం 19 శాతం పడిపోతుంది. సన్నటి పొడుగు కేబుల్ ఉన్న షెడ్లలో ఇదే జరుగుతుంది.

బ్రేక్ స్ప్రింగుతో పట్టుకుంటుంది, కరెంటొస్తే విడుస్తుంది. 415 వోల్టుల ఏసీకి హాఫ్ వేవ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఉంటే కాయిల్‌కు సుమారు 187 వోల్టుల డీసీ రావాలి. ఏసీ వస్తూ డీసీ రాకపోతే రెక్టిఫయర్ పోయినట్టు. డీసీ వచ్చినా విడవకపోతే కాయిల్ తెగిందో, లైనర్ (బ్రేకులో పట్టుకునే పొర) అరిగి గ్యాప్ పెరిగిందో అనుకోవాలి. గ్యాప్‌ను కంపెనీ పుస్తకంలో రాసిన కొలతకే, ఫీలర్ గేజ్‌తో (సన్నటి సందు కొలిచే రేకులు) పెట్టండి. లోడు జారుతోందంటే ఆ హాయిస్ట్ ఆ క్షణమే ఆపాలి. లైనర్‌కు గేరు ఆయిల్ తగిలితే తుడిచి వాడొద్దు, లైనర్‌తో పాటు ఆయిల్ సీలూ మార్చండి. తర్వాత ఖాళీగా తిప్పి, ఆపైన పూర్తి లోడు జానెడు ఎత్తులో ఆపి జారుతుందేమో చూడండి.

నాకు అన్నిటికన్నా భయం వేసే ఫాల్టు వేరే ఉంది. ట్రాన్స్‌ఫార్మరో కేబులో రిపేరయ్యాక రెండు ఫేజులు తారుమారైతే, పైకి నొక్కితే హుక్కు కిందికి వస్తుంది. "ఏం కాదన్నా, ఉల్టా నొక్కుతం" అంటారు. అది ప్రాణాల మీదికి తెచ్చే మాట. హుక్కు పై హద్దుకు చేరాక పై లిమిట్ స్విచ్ ఆపేది పైకి ఎత్తే కాంటాక్టర్‌ను మాత్రమే. ఇప్పుడు హుక్కు పైకి వెళ్తున్నది కిందికి దించే కాంటాక్టర్ మీద. లిమిట్ తగిలినా ఆగదు, హుక్కు బ్లాకు డ్రమ్ముకు గుద్దుకుని రోపు తెగుతుంది. మెయిన్ ఇన్‌కమింగ్‌లో రెండు ఫేజులు మార్చండి, పెండెంట్ వైర్లు మార్చొద్దు. మోటర్ వైండింగ్ తర్వాత ఇలా అయితే మాత్రం మోటర్ టర్మినల్స్ దగ్గరే మార్చాలి. వెంటనే ఖాళీ హుక్కుతో, కొద్దికొద్దిగా నొక్కుతూ లిమిట్ పనిచేస్తుందో చూడండి. ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టించుకుంటే సప్లై ఫేజులు తారుమారైనప్పుడు అది హాయిస్ట్‌ను నడవనివ్వదు.

ఇవన్నీ చూశాకే మోటర్‌కు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పట్టండి. 500 వోల్టుల మెగ్గర్‌లో ఒక మెగాఓమ్ కూడా రాకపోతే విప్పాల్సిందే. రాణీగంజ్‌కో ఇంకెక్కడికో వైండింగ్‌కు ఇచ్చేముందు పాత వైండింగ్ ఫోటో తీసుకోండి. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు, డెల్టాలో ఒక్క ఫేజే నల్లబడితే అది సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజ్ రాకుండానే మోటర్ నడవడం), సప్లై దారి మళ్లీ వెతకాలి. మూడూ సమానంగా కాలితే ఓవర్‌లోడో, విడవని బ్రేకో చూసుకున్నాకే కొత్త వైండింగ్ మోటర్ బిగించండి.