నెల్లూరు వెళ్తే పులుసు మానుకోవాలా? వీకెండ్ ట్రిప్‌లో తిండి, వ్యాయామం ఎలా చూసుకోవాలి

డైట్‌లో ఉన్నవాళ్ళకి నెల్లూరు ట్రిప్ అనగానే రెండు ఆలోచనలు వస్తాయి. కొందరు శుక్రవారం రాత్రే "సోమవారం నుంచి చూసుకుందాంలే" అని చేతులెత్తేస్తారు. ఇంకొందరు చేపల పులుసు ముందు కూర్చుని కీరా ముక్కలు నములుతూ, పక్కవాళ్ళకి కూడా ముద్ద దిగనివ్వరు. రెండూ అక్కర్లేదు. రెండు రోజుల్లో లెక్క తప్పేది పులుసు దగ్గర కాదు. కారులో విప్పిన చిప్స్ ప్యాకెట్లు, ఆగిన ప్రతిచోటా టీతో పాటు బజ్జీలు, ఆకలి లేకపోయినా రూమ్ డబ్బుల్లోనే వస్తుంది కదా అని తినే బఫే టిఫిన్, వీటి దగ్గర తప్పుతుంది. ఇంటికొచ్చాక ఇవేవీ గుర్తు కూడా ఉండవు.

1. ఏం తినడానికి వెళ్తున్నారో ముందే తేల్చుకోండి

రోజుకి ఒకటి చాలు. శనివారం మధ్యాహ్నం చేపల పులుసు అనుకుంటే, ఆ పూట అదే పెద్ద భోజనం. ఆదివారం పొద్దున నెయ్యి వేసిన కారం దోశ అనుకుంటే మధ్యాహ్నం తేలిగ్గా కానివ్వండి. మలై కాజా కూడా రుచి చూడాల్సిందే. కాకపోతే మైదా, నూనె, పంచదార పాకం కలిసిన సరుకు కాబట్టి ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకోండి. ఇంటికి డబ్బా కొనాలనుకుంటే ఆదివారం బయల్దేరేటప్పుడు కొనండి. శనివారమే కొంటే రాత్రికి రూమ్‌లోనే మూత తెరుచుకుంటుంది.

విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకి దాదాపు సగం దారిలో ఒంగోలు తగులుతుంది, అక్కడ అల్లూరయ్య మైసూర్ పాక్ ఉంటుంది. అది తినాలనిపిస్తే ఆ రోజు కాజా వంతు దానికిచ్చేయండి.

2. దారిలో తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి

హైదరాబాద్ నుంచి నెల్లూరు సుమారు 450 కిలోమీటర్లు, చెన్నై నుంచి 175 దాకా ఉంటుంది. ఎటు నుంచి వచ్చినా కూర్చునే గంటలే ఎక్కువ, ఊసుపోక తినేది కూడా అప్పుడే. ఉడికించిన వేరుశనగలు, జామకాయలు, అరటిపళ్ళు, ఉడకబెట్టిన గుడ్లు, ఒక సీసాలో మజ్జిగ పెట్టుకుంటే హైవే మీద ఆగినప్పుడు టీతో సరిపోతుంది. రెండు గంటలకోసారి బండి ఆపి పది నిమిషాలు నడవండి. డ్రైవింగ్ చేసేవాళ్ళ నడుముకి ఇది ఎలాగూ అవసరం.

షుగర్‌కి మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు "మధ్యాహ్నం గట్టిగా తిందాంలే" అని పొద్దున టిఫిన్ మానకూడదు. చక్కెర పడిపోతే ప్రయాణంలో ప్రమాదం. రెండు గ్లూకోజ్ బిస్కెట్లో, కాస్త పంచదారో చేతికందేలా ఉంచుకోండి.

3. పులుసు ముందు కూర్చున్నాక

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. చేపల పులుసులో ఉన్నదేమిటి? చేప, చింతపండు, మామిడికాయ ముక్కలు, మెంతులు, కారం. చేప మంచి ప్రోటీన్. కొరమీనైనా, బొమ్మిడాయిలైనా, సముద్రపు వంజరమైనా భయపడాల్సింది లేదు. చూసుకోవాల్సినవి మూడు: పైన తేలే నూనె, ఉప్పు, పళ్ళెంలో అన్నం.

నిన్న వండి ఈరోజు వడ్డించే పులుసు చట్టిలోకి ఒకసారి చూడండి. ఎర్రటి నూనె పైకి తేలి, అంచుల వెంట పేరుకుని ఉంటుంది. గరిటె వెనక్కి తిప్పి ఆ నూనెని పక్కకి జరిపి, అడుగు నుంచి చిక్కటి గుజ్జూ, ముక్కా తీసుకోండి. మామిడికాయ ముక్క మర్చిపోవద్దు. రుచి ఏమీ తగ్గదు, అసలు పులుపంతా అడుగునే ఉంటుంది. ఒక్క టీస్పూన్ నూనె అంటే 45 కేలరీలు, కాబట్టి ఈ చిన్న పనికి విలువ ఉంది. హోటల్లో కప్పులో పోసి ఇచ్చినా స్పూన్‌తో ఇదే చెయ్యొచ్చు.

అసలు సమస్య అన్నం. పులుసు బాగుందంటే అన్నం రెండోసారి, మూడోసారి వస్తూనే ఉంటుంది. వడ్డించే ఆయన బకెట్‌తో పక్కనే నిలబడి "ఇంకొంచెం వెయ్యనా అన్నా?" అంటే కాదనడానికి మనకి మొహమాటం. ముందే "చాలన్నా, ఇంకో ముక్క వెయ్యి, చివర్లో కాస్త మజ్జిగ" అనేయండి. ఆయనేమీ అనుకోడు. చుట్టాలింట్లో అయితే ఇంత తేలిగ్గా కుదరదు. "ఏందబ్బా, ఏం తిన్నావని అప్పుడే లేస్తన్నావు?" అని అత్త గదమాయిస్తుంది. అక్కడ పనికొచ్చే ఉపాయం, మొదటిసారి తక్కువ పెట్టించుకుని రెండోసారి మీరే అడగడం. పెట్టినవాళ్ళకి తృప్తి, మీ లెక్కా తప్పదు.

రొయ్యలు జిల్లా అంతటా దొరుకుతాయి. వేపుడు కంటే ఇగురు మేలు. పులుసుతో పాటు వేపుడు, బిర్యానీ, ఆమ్లెట్ అన్నీ టేబుల్ మీదకి తెప్పిస్తే మాత్రం ఏ ఉపాయమూ పని చెయ్యదు. బీపీ ఉన్నవాళ్ళు ఎండు చేపలు, పచ్చళ్ళు ఆ పూటకి పక్కన పెట్టండి. రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటారు, పులుసులోనే చాలా వరకు వచ్చేస్తుంది.

భోజనం కాగానే మంచం ఎక్కకుండా పదిహేను నిమిషాలు మెల్లగా నడవండి. తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా అది ఆపుతుంది. ఎండగా ఉంటే వరండాలోనో, హోటల్ కారిడార్‌లోనో తిరిగినా చాలు.

4. వ్యాయామాన్ని ఊరు చూడటంలో కలిపెయ్యండి

పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడో వంతు ఈ రెండు రోజుల్లోనే తేలిగ్గా పూర్తి చెయ్యొచ్చు. జిమ్ లేదని టెన్షన్ వద్దు.

మైపాడు బీచ్ నెల్లూరుకి సుమారు 25 కిలోమీటర్లు. తూర్పు తీరం కదా, సూర్యోదయానికి చేరుకునేలా చూసుకోండి. ఎండ ఎక్కకముందే అరగంట నడక అయిపోతుంది. నీళ్ళ అంచున తడిసి గట్టిపడిన ఇసుక మీద మొదలుపెట్టి, మధ్యలో ఐదు నిమిషాలు పొడి ఇసుకలోకి మారండి. కాలు దిగబడుతుంది కాబట్టి అదే దూరానికి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది, పిక్కలు పట్టేస్తాయి కూడా. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తడి ఇసుక దాటొద్దు. ఈత బాగా వచ్చినా లోతుకి వెళ్ళకండి, అలలు లోపలికి లాగుతాయి. పిల్లకాయల్ని ఒంటరిగా వదలొద్దు. నడక అయ్యాక కొబ్బరి నీళ్ళు తాగండి, వేసవైతే తాటి ముంజలు తినండి. ముంజల్లో ఉండేది చాలా వరకు నీరే.

సాయంత్రానికి జొన్నవాడ కామాక్షమ్మ గుడి, నరసింహకొండ పెట్టుకోవచ్చు. కొండకి బండి వెళ్తుంది. నడవగలిగినవాళ్ళు దాన్ని కిందే ఆపి కాలినడకన ఎక్కండి.

ఇంకా ఓపికున్నవాళ్ళకి ఉదయగిరి దుర్గం ఉంది. కృష్ణదేవరాయలంతటి వాడు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గెలుచుకున్న కోట అది. గంటలో పైకెళ్ళి వచ్చేద్దామని వట్టి చేతులతో బయల్దేరితే ఎండకి కళ్ళు తిరుగుతాయి. చలికాలంలో, తెల్లారగానే, మనిషికి రెండు లీటర్ల నీళ్ళతో వెళ్ళండి. వేసవిలో ఆ ఆలోచన మానుకోండి.

వాన పడి ఎటూ కదల్లేకపోతే రూమ్‌లోనే బస్కీలు పదిహేను, గోడకి చేతులు ఆనించి దండీలు పది చొప్పున మూడు విడతలు చెయ్యండి. పావుగంట పట్టదు. అదీ కుదరకపోతే వదిలేయండి, రెండు రోజులు మానినంత మాత్రాన కండ కరిగిపోదు.

5. రాత్రి తేలిగ్గా తిని తొందరగా పడుకోండి

రెండు ఇడ్లీలు, లేకపోతే పెరుగన్నం చాలు. స్నేహితులతో వెళ్ళినప్పుడు పదకొండింటికి బిర్యానీ అనే మాట ఎవరో ఒకరు తీస్తారు. ఎనిమిదింటికే తినేసి ఉంటే నవ్వి తప్పించుకోవచ్చు. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువేస్తుంది, మైపాడు సూర్యోదయమూ పోతుంది.

6. సోమవారం పొద్దున బరువు చూసుకోవద్దు

ముల్లు కిలో, కిలోన్నర ఎక్కువ చూపించొచ్చు. అందులో కొవ్వు కొంచెమే, మిగతాదంతా నీరు. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు ఆగుతుంది. అన్నం, స్వీట్ల నుంచి వచ్చి కండరాల్లో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఇది తెలియక కొందరు సోమవారమంతా ఉపవాసం ఉండి, రాత్రికి ఫ్రిజ్ ఖాళీ చేస్తారు. రోజూ తినేదే తినండి, రోజూ నడిచినంతే నడవండి. బరువు గురువారం పొద్దున చూసుకోండి.