పెద్ద ఆక్వేరియంలో సగం నీళ్లు మార్చాలంటే కుళాయి నీటిని ఎలా సిద్ధం చేయాలి?

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టి అంచుదాకా నిండితే దాదాపు 340 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 300 లీటర్లు లెక్కవేసుకోవచ్చు. అందులో సగం మార్చాలంటే 150 లీటర్లు కావాలి. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఆ తొట్టికే.

వారానికి పదో వంతు నీళ్లు మార్చేటప్పుడు కొత్త నీటిలో చిన్న తేడా ఉన్నా తొట్టిలో మిగిలిన నీరు సర్దేస్తుంది. సగం మార్చినప్పుడు ఆ వీలుండదు. కొత్త నీటిలో క్లోరిన్ ఉండకూడదు, వేడి పాత నీటితో కలవాలి, కరిగిన వాయువులు సర్దుకోవాలి, లవణాలు దగ్గరగా ఉండాలి. చాలామంది మొదటిది చూసుకుని మిగతా మూడూ వదిలేస్తారు.

ముందు మీ కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లో తెలుసుకోండి

హైదరాబాద్‌లో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వస్తాయి. కానీ అపార్ట్‌మెంట్ సంపులో వాటితోపాటు బోరు నీళ్లు కలుస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కూడా. అందుకే ఒకే కుళాయి నీళ్లు ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటాయి. పోయినసారి చూసిన టీడీఎస్‌ను (నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని) నమ్మకండి, పట్టిన ప్రతిసారీ చూడండి.

వాచ్‌మన్‌ను ఒక మాట అడగడం మంచిది: సంపు గానీ పైన ట్యాంకు గానీ ఈమధ్య కడిగి బ్లీచింగ్ పౌడర్ వేశారా? వేసి ఉంటే ఆ రోజూ మర్నాడూ చేపలకు నీళ్లు పట్టొద్దు. ఆ తర్వాత కూడా క్లోరిన్ పరీక్ష చేశాకే వాడండి. కొత్తగా కట్టిన సిమెంటు సంపు నుంచి సున్నం దిగి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పెరుగుతుంది. ఇంకో పొరపాటు, సాఫ్ట్‌నర్ ఉంది కాబట్టి నీళ్లు మెత్తనివని, లవణాలు తక్కువున్న నీరు కోరే డిస్కస్ లాంటి చేపలకు వాడటం. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి చోట సోడియం పెడుతుందే తప్ప లవణాల మొత్తాన్ని తగ్గించదు. టీడీఎస్ పెన్ను పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

కావలసినవి

మూతున్న 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము (తిండి సరుకులు నింపినదే కావాలి, రసాయనాలు నింపిన పాత డ్రమ్ము ఎంత కడిగినా వద్దు), రెండు గాలిరాళ్లున్న (సన్నని బుడగలు వదిలే రాళ్లు) గాలి పంపు, గంటకు 1,500–2,000 లీటర్లు తోడే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, తొట్టిదాకా అందే గొట్టం, 300 వాట్ల హీటరు, థర్మామీటరు, టీడీఎస్ పెన్ను, పీహెచ్, అమ్మోనియా కిట్లు, క్లోరిన్ చూసే చుక్కల కిట్. చివరిది ఈత కొలనుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

నిండిన డ్రమ్ము 200 కిలోలకు పైనే బరువు. బాల్కనీ చివర కాకుండా, గోడ పక్కన సమతలంగా ఉన్న చోట పెట్టండి. ఎండ తగలకూడదు.

1. నీళ్లు పట్టడం

తెల్లవారుజామున పట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. మొదట రెండు బకెట్లు మొక్కలకు వదిలేయండి, పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు వాటితో పోతాయి. తర్వాత 150 లీటర్లు పట్టి, డ్రమ్ము మీద ఆ మట్టానికి పెయింటుతో గీత గీసుకోండి. ఇకముందు మందు లెక్కలకు ఆ గీతే ఆధారం.

2. క్లోరిన్ విరవడం

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మనల్ని రోగాల నుంచి కాపాడే ఆ మోతాదే చేప మొప్పలను కాలుస్తుంది, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే, ఫిల్టర్‌లోని మేలు బాక్టీరియాకూ హాని చేస్తుంది.

దీనికి చవకైన మందు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు ఏడు మిల్లీగ్రాముల హైపో వేస్తే ఢోకా ఉండదు. 100 గ్రాముల పలుకులను కరిగించి, మొత్తం ఒక లీటరు అయ్యేలా నీళ్లు కలిపి, రంగు సీసాలో ఉంచుకోండి. అందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల హైపో ఉంటుంది. కిట్‌లో క్లోరిన్ 1 మి.గ్రా. అని వస్తే 150 లీటర్లకు 11 మి.లీ. చాలు, 0.5 అని వస్తే 6 మి.లీ. కొంచెం ఎక్కువైనా ప్రమాదం లేదు, తక్కువైతేనే ప్రమాదం. కలిపిన ఐదు నిమిషాలకు మళ్లీ పరీక్షించండి, రంగు రాకూడదు. సీసాలో తెల్లగానో పసుపుగానో మడ్డి దిగితే ఆ ద్రావణం పారబోసి కొత్తది కలుపుకోండి.

మందు లేకుండా ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోదా? గాలి బాగా కొడుతూ ఉంచితే చాలావరకు పోతుంది. మూత పెట్టి కదపకుండా ఉంచిన డ్రమ్ములో మాత్రం పోయిందని నమ్మలేం. పరీక్ష లేకుండా ఏ పద్ధతినీ నమ్మొద్దు.

3. ఇరవై నాలుగు గంటలు గాలి కొట్టడం

దీన్ని దాటేయకండి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే పట్టిన వెంటనే 7.0 చూపిన పీహెచ్ మర్నాటికి 8 కూడా కావచ్చు. పట్టగానే పోసేస్తే ఆ పెరుగుదల చేపలున్న తొట్టిలో జరుగుతుంది. ఒత్తిడి మీద పైపులో వచ్చే చల్లటి నీటిలోనైతే గాలి మోతాదుకు మించి కరిగి ఉంటుంది. అది తొట్టిలో వెచ్చబడుతుంటే గాజుకూ చేపల వాజాలకూ సన్నని బుడగలు అంటుకుంటాయి. ఆ బుడగలే చేప ఒంట్లో ఏర్పడితే చచ్చిపోవచ్చు.

రెండు గాలిరాళ్లూ డ్రమ్ము అడుగుకు దించి రాత్రంతా నడపండి. పైన సన్నని దోమతెర కట్టండి. మూత లేని డ్రమ్ము డెంగీ దోమకు కాన్పుల గది.

4. లవణాలు సరిచేయడం

కొత్త, పాత నీళ్ల టీడీఎస్ దగ్గరగా ఉంటే ఈ మెట్టు అక్కర్లేదు. బోరు నీరు 800 చూపిస్తూ తొట్టి 200 దగ్గర ఉంటే ఆర్వో నీళ్లు కలపాలి. ఆర్వో నీరు 40 అనుకుంటే, డ్రమ్ములో 32 లీటర్ల బోరు నీరే ఉంచి దానికి 118 లీటర్ల ఆర్వో నీరు కలిపితే 150 లీటర్లూ 200 దగ్గరికి వస్తాయి. ఇంటి ఆర్వో మిషను అన్ని నీళ్లు ఇవ్వడానికి ఒక పూట పడుతుంది, ముందురోజే మొదలుపెట్టండి. ఒట్టి ఆర్వో నీళ్లు పోయొద్దు. పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు వాటిలో ఉండవు, కొన్నాళ్లకు పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది.

5. వేడి కలపడం

తొట్టి 28 డిగ్రీలు, డ్రమ్ము 22 డిగ్రీలు ఉంటే సగం మార్చాక 25 అవుతుంది. మూడు డిగ్రీల పతనం చాలా చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చిపెట్టవచ్చు. తేడా ఒక డిగ్రీ లోపు ఉంచండి. 150 లీటర్లను ఆరు డిగ్రీలు వేడెక్కించడానికి ఒక యూనిట్ కరెంటు పైచిలుకు పడుతుంది. 300 వాట్ల హీటరుకు కనీసం మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగైదు. గీజరు నీళ్లు కలపకండి, వాటిలో రాగి ఉండవచ్చు, రొయ్యలకు అది విషం. చెయ్యి ముంచే ముందు హీటరు, పంపు ప్లగ్గులు పీకేయండి.

6. పోయడం

తొట్టిలో హీటరు, ఫిల్టరు ఆపి సగం నీళ్లు తీయండి. గొట్టం కొస తొట్టి నీటిలో మునగకుండా అంచుకు బిగించండి. మునిగి ఉంటే, డ్రమ్ము కిందుండి పంపు ఆగినప్పుడు తొట్టి నీళ్లు వెనక్కి లాగేసుకుంటుంది. అరగంట నుంచి నలభై నిమిషాలు పట్టేలా మెల్లగా పోయండి. తర్వాత రెండు మూడు రోజులు అమ్మోనియా చూడండి.

నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో మాత్రం ఒక్కసారిగా సగం మార్చొద్దు. అలాంటి నీటిలో పీహెచ్ 6 దగ్గరకు దిగి, పేరుకున్న అమ్మోనియా అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 ఉన్న నీరు పడగానే అదే మళ్లీ విషపు రూపానికి మారుతుంది. అక్కడ రోజుకు పదిహేను శాతం లోపే మార్చుకుంటూ రండి.

అమెరికాలో ఉండి చేపలు పెంచే తెలుగువాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అక్కడ చాలా నగరాల నీటిలో క్లోరమైన్ (క్లోరిన్‌కు అమ్మోనియా జతచేసినది) ఉంటుంది. అది రోజుల తరబడి నిలవ ఉంచినా పోదు, హైపో వేస్తే క్లోరిన్ భాగం విరిగి అమ్మోనియా మిగులుతుంది. అమ్మోనియాను కూడా పట్టి ఉంచే కండిషనర్ కావాలి. సీకెమ్ ప్రైమ్ అనే కండిషనర్ అయితే 200 లీటర్లకు 5 మి.లీ. గొట్టంతో నేరుగా తొట్టిలోకి పట్టేటట్లయితే కొత్త నీటికి కాకుండా తొట్టి మొత్తానికి లెక్కగట్టి, నీళ్లు వదిలే ముందే వేయండి.

పోసిన కాసేపటికే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా, పిచ్చిగా అటూఇటూ దూసుకుపోతున్నా ముందు క్లోరిన్‌నే అనుమానించండి. పరీక్ష కోసం ఆగకుండా తొట్టి మొత్తానికి సరిపడా, అంటే 300 లీటర్లకు 21 మి.లీ. హైపో ద్రావణం వేసి, రెండు గాలిరాళ్లూ డ్రమ్ములోంచి తీసి తొట్టిలో పెట్టండి. పరీక్ష ఆ తర్వాత చేయండి.