విడాకుల తరువాత బీమా, వీలునామా: సమస్యలు, పరిష్కారాలు

సమస్య: విడాకులు వచ్చి ఏళ్లయింది, పాలసీలో మాజీ భార్యే నామినీ

కారణం వెతకనక్కరలేదు, ఎవరూ మార్చలేదు. మన దేశంలో విడాకుల డిక్రీతో నామినేషన్ దానంతట అదే రద్దు కాదు. కోర్టు ఆ డిక్రీని బీమా కంపెనీకి పంపదు కూడా. నామినేషన్ మార్పు ఫారం ఇచ్చి, కొత్త పేరు నమోదైనట్టు రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. ఇంత చిన్న పని క్లెయిము దాకా ఎవరికీ గుర్తు రాదు! ఆఫీసు గ్రూపు బీమా, బ్యాంకు ఖాతాతో వచ్చే 2 లక్షల జీవన్ జ్యోతి, పీఎఫ్, ప్రతిదానికీ నామినేషన్ వేరు. భార్య పాలసీలో మాజీ భర్త పేరున్నా ఇదే లెక్క.

సమస్య: వీలునామాలో పాలసీ అమ్మకు రాశారు, డబ్బు మాజీ భార్యకు వెళ్లింది

1938 బీమా చట్టం 39వ సెక్షన్ ప్రకారం వీలునామాతోనూ నామినీని మార్చవచ్చు. చాలామంది అంతవరకే చదువుతారు. మార్పు సంగతి కంపెనీకి లిఖితపూర్వకంగా అందకపోతే, రికార్డులో ఉన్న పాత నామినీకి సద్భావంతో చెల్లించిన కంపెనీని తరువాత ఏమీ అడగలేరని కూడా అక్కడే ఉంది. బీరువాలోని వీలునామా సంగతి కంపెనీకి ఎలా తెలుస్తుంది? ఇక ఆ తల్లి మాజీ కోడలి మీద దావా వేయాలి. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ముపై హక్కు వారిదేనని 2015 సవరణ చట్టం అంటోంది. విడాకులు పొందిన భార్య ఆ లెక్కలోకి వస్తుందా అన్న వాదనతోనే ఏళ్లు గడిచిపోతాయి. ఫారం ఇచ్చేయండి.

సమస్య: ఫారం ఇచ్చారు, కంపెనీ తిప్పి పంపింది

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. గుమస్తాతో గొడవ పడే ముందు పాలసీ బాండు తీసి చూడండి. అందులో నామినీకి బదులు లబ్ధిదారు, ట్రస్టీ అన్న మాటలుంటే, ఎక్కడైనా ఎం.డబ్ల్యూ.పి. అని ఉంటే, అది 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం 6వ సెక్షన్ కింద తీసుకున్న పాలసీ. అప్పులవాళ్లు ఈ డబ్బు జోలికి రాలేరని ఏజెంటు చెబితే సంతకం పెట్టి ఉంటారు. ఆన్‌లైన్‌లో అయితే ఒక గడిలో టిక్కు పెట్టి మరచిపోయి ఉంటారు.

ఆ సంతకంతో పాలసీ ట్రస్టు అయిపోయింది, అంటే సొమ్ము లబ్ధిదారుల కోసమే. అది భర్త ఆస్తిలో భాగం కాదు కాబట్టి వీలునామాలో రాసినా ప్రయోజనం లేదు. దానికి 39వ సెక్షన్ వర్తించదు, అందుకే ఫారం వెనక్కి వచ్చింది. మాజీ భార్యను పేరు పెట్టి రాసి ఉంటే, విడాకులు అయినంత మాత్రాన ఆ పేరు పోదు.

ఏం చేయాలన్నది పాలసీ రకాన్ని బట్టి ఉంటుంది. టర్మ్ పాలసీ (మరణిస్తేనే సొమ్ము వచ్చేది) అయితే తేలిక: ముందు కొత్త పాలసీ తీసుకుని, బాండు చేతికి వచ్చాక పాతదానికి ప్రీమియం ఆపేయండి. అంతకన్నా ముందు డిక్రీ చదవండి. ఆ పాలసీని కొనసాగించాలని అందులో ఉంటే ఆపకూడదు. ఎండోమెంట్ పాలసీకి (గడువు తీరినా సొమ్ము వచ్చేది) ఈ ఉపాయం పనికిరాదు. కొన్నేళ్లు కట్టాక ప్రీమియం ఆపితే అది పెయిడప్ అవుతుంది, అంటే తగ్గిన మొత్తంతో కొనసాగుతుంది, ఆ సొమ్ము కూడా లబ్ధిదారులదే. సరెండర్ చేయాలంటే, అంటే గడువుకు ముందే ముగించి సొమ్ము తీసుకోవాలంటే, వారి తరఫున సంతకం కావాలి. అది అడగవలసిన సమయం పరస్పర అంగీకార విడాకుల ఒప్పందం రాసుకునేటప్పుడు. భరణం అంకె తేలిపోయాక అడిగితే ఎవరు పెడతారు? మైనరు పిల్లలు కూడా లబ్ధిదారులైతే తల్లి తన వాటా వదులుకోగలదు కానీ, పిల్లల వాటాను వదిలేయలేదు. దానికి న్యాయవాది, కోర్టు తప్పవు.

సమస్య: పాత వీలునామాలో మాజీ భార్య పేరు ఉంది

విడాకులతో మన వీలునామా రద్దు కాదు. ఇంగ్లండులో మాజీ జీవిత భాగస్వామికి రాసింది సాధారణంగా చెల్లదు, ఆ ధీమా ఇక్కడ పనికిరాదు. పాత వీలునామాలన్నీ రద్దు చేస్తున్నానని రాసి, ఇద్దరు సాక్షులతో కొత్తది చేయండి. పాతది రిజిస్టరు చేసి ఉంటే కొత్తదీ చేయించండి. చించేసిన కాగితానికి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నకలు ఉంటుంది. విడాకుల కేసు ఇంకా నడుస్తుంటే అసలు ఆలస్యం చేయకండి. వీలునామా లేకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టంలో ఆమె ఇంకా మొదటి తరగతి వారసురాలే.

అరుదైనవి

గృహ రుణం కోసం పాలసీని బ్యాంకుకు అసైన్ చేసినా (హక్కు బదిలీ చేసినా) 2015 సవరణ తరువాత నామినేషన్ పోదు, బ్యాంకుకు రావలసినంత మేరకే నామినీ హక్కు తగ్గుతుంది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్నవారు, విడాకులతో మాజీ భాగస్వామి పేరు పోతుందనే అక్కడి రాష్ట్ర చట్టాన్ని నమ్ముకోవద్దు. ప్రైవేటు కంపెనీలు ఇచ్చే బీమాలో చాలావరకు కాగితాల్లో ఉన్న పేరుకే చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 2001లో ఎగెల్‌హాఫ్ కేసులో తేల్చింది.