పొలమారితే ముందు కూర్చున్న తీరు చూడండి

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నడినెత్తిన తట్టడం మన ఇళ్లలో అలవాటు. చెన్నై పెరంబూరులోని ఒక వృద్ధాశ్రమంలో 11 ఏళ్లుగా పెద్దవాళ్లకు అన్నం తినిపిస్తున్నాను. నేను మాత్రం తట్టను. మనిషి ఎలా కూర్చున్నారో చూస్తాను.

మంచం మీద తినిపించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, మనిషి కిందికి జారి ఉండగానే మంచం తలవైపు లేపేయడం. అప్పుడు తుంటి దగ్గర వంగాల్సిన ఒళ్లు ఛాతీ దగ్గర వంగి, పొట్ట నొక్కుకుపోతుంది. ముందు మంచాన్ని చదును చేయండి. ఇద్దరు చెరో పక్క నిలబడి, ఒంటి కింద పరిచిన దుప్పటిని పట్టుకుని పైకి జరపండి. మంచం మడతపడే చోటికి తుంటి రావాలి. తర్వాత మోకాళ్లవైపు కాస్త ఎత్తి, ఆ పైన తలవైపు 90 డిగ్రీలకు వీలైనంత దగ్గరగా లేపండి. మోకాళ్లు ఎత్తకపోతే నాలుగు ముద్దలకే మళ్లీ జారిపోతారు.

కూర్చోగలిగితే కుర్చీయే మేలు. నడుము వెనక్కి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి. అందకపోతే పీట వేయండి. ఒక అమ్మమ్మగారికి తొందరలో పూజగదిలోని పీట తెచ్చి వేశాను. వేరే చెక్క తెచ్చేదాకా ఆవిడ ముద్ద ముట్టలేదు!

పక్షవాతంతో ఎడమవైపు ఒరిగిపోయే తాతగారికి ఆ పక్కన దిండు పెట్టి, చేతిని బల్ల మీద ఉంచుతాను. ముద్ద కుడి బుగ్గవైపు పెడతాను. ఎడమ బుగ్గలో మెతుకులు నిలిచినా ఆయనకు తెలియదు కాబట్టి చివర్లో నేనే చూస్తాను.

నిలబడి తినిపించకండి. మీకోసం వాళ్లు తల ఎత్తుతారు, తల వెనక్కి వాలితే మెతుకు ఊపిరి గొట్టంలోకి జారడం సులువు. ఎదురుగా, కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి. చిన్న చెంచాలో సగమే తీసుకోండి. కంఠం లేచి దిగాకే తర్వాతి ముద్ద. నిద్రమత్తులో ఉంటే అసలు పెట్టవద్దు.

నీళ్ల దగ్గరే నాకు పెద్ద తగవు. ఆ తాతగారు ఇక్కడి రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పెట్టెలు చేసి రిటైరైన మనిషి. గ్లాసు పెదవికి తగిలితే ఎంగిలి అంటారు, తల వెనక్కి వాల్చి ఎత్తి పోసుకుంటారు. చివరికి స్టీలు గ్లాసు మీద ఆయన పేరు కొట్టించి, "ఇది మీ ఒక్కరిదే తాతగారూ, ఇంకెవరికీ ఇవ్వను" అన్నాను. ఇప్పుడు చిన్న గుక్కలుగా తాగుతున్నారు. గ్లాసు సగానికి తగ్గగానే మళ్లీ నింపుతాను, లేకపోతే అడుగు నీళ్ల కోసం తల వాలుస్తారు.

దగ్గు వచ్చినా, గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడినా ఆపేసి నర్సుకు చెప్పండి. కొందరికి మెతుకు ఊపిరి గొట్టంలోకి జారినా దగ్గు కూడా రాదు, ఆ తర్వాత జ్వరమే వస్తుంది.

తిన్నాక నోరు శుభ్రం చేసి, కనీసం 30 నిమిషాలు పడుకోనివ్వకండి. ఆ అరగంట తాతగారు కిటికీ దగ్గర కూర్చుని పోయే రైళ్లలో తమ పెట్టెలు ఎన్నో లెక్కపెడుతుంటారు.