ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో కారు ఘాట్‌లో జర్క్ కొడుతోందా?

సమస్య: ఊళ్ళో బాగానే తిరుగుతుంది. అలిపిరి దాటి రెండో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం జర్క్ కొడుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ ఉండదు.

కారణం: కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసినప్పుడు ఆ లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ పోవాలి. పోకపోతే మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతుంది; ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లోటు బయటపడుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే లీనే.

పరిష్కారం: కార్బ్యురేటర్ బండికి మెయిన్ జెట్ (పెట్రోల్ పోయే ప్రధాన రంధ్రం) ఒక్క సైజు పెంచి, ఘాట్‌లో నడిపి, మళ్ళీ ప్లగ్ చూడాలి. చాలాచోట్ల మిక్చర్ స్క్రూ తిప్పి పంపేస్తారు. అది ఐడ్లింగ్‌కే పనికొస్తుంది, ఎత్తులో జర్క్ దానితో పోదు.

ఇంజెక్షన్ బండి అయితే ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఇంధనాన్ని తనే పెంచుకుంటుంది. స్కానర్ పెట్టించి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (బండి తనే ఇంధనాన్ని ఎంత శాతం పెంచుకుందో, తగ్గించుకుందో చెప్పే అంకె) చూడండి. ప్లస్ 10 శాతం దాటితే ఫిల్టర్, పంప్ ప్రెషర్, ఇంజెక్టర్లు, గాలి లీకులు వరసగా చెక్ చేయించాలి. ఇవి చూడకుండా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) రీమ్యాప్‌కు, అంటే దాని సెట్టింగులు మార్పించడానికి, డబ్బు పెట్టొద్దు. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌లోకి తోస్తుంది, అసలు దోషం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: నవంబర్ వానల్లో కొన్నాళ్ళు కదపకుండా ఉంచిన కారు స్టార్ట్ కావడం లేదు.

బ్యాటరీ బాగుంటే ట్యాంకులో నీళ్ళు చేరాయేమో అనుమానించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మోతాదు మించితే నీళ్ళతో కలిసి అడుగుకు దిగిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోల్ గాజుసీసాలో పట్టి కదపకుండా ఉంచితే కింద వేరే పొర కనిపిస్తుంది. కనిపిస్తే మళ్ళీ సెల్ఫ్ కొట్టకుండా ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టర్ మార్చండి. మీద కొత్త పెట్రోల్ పోస్తే సరిపోదు.

సమస్య: బానెట్ దగ్గర పెట్రోల్ వాసన.

పాత రబ్బరు పైపులు, ఓ రింగులు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. నిప్పుతో చెలగాటం వద్దు, బండి అక్కడే ఆపి మెకానిక్‌నే పిలిపించండి. ఇథనాల్‌కు తట్టుకునే పైపులే వేయించండి.

సమస్య: మైలేజ్ కాస్త తగ్గింది.

లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ. కొద్దిపాటి తగ్గుదల ఏ ట్యూనింగ్‌తోనూ పూర్తిగా పోదు. బాగా పడిపోతే మాత్రం పైన చెప్పిన ఫిల్టర్ దగ్గర నుంచి మొదలుపెట్టండి.